అర మాత్ర

"మీ పూర్తి పేరు చెప్పండి సార్."

వెంకటరమణప్ప పడక మీద నుంచి తల కూడా తిప్పలేదు. "నిన్న సాయంత్రం ఏం పేరో, ఈ పొద్దూ అదే."

"అయినా మీ నోటితో చెప్పాలి సార్."

"వెంకటరమణప్ప. చిక్కపేటలో చీరల అంగడి. చాలా, గోత్రం కూడా కావాల్నా?"

నర్సు ఫర్హానా నవ్వలేదు. ఆయన చేతికి కట్టిన పట్టీలో పేరు చూసింది. తన కాగితంతో సరిపోల్చుకుంది. రెండు షుగరు మాత్రలు ఇచ్చి, ఆయన మింగేదాకా కదల్లేదు. తర్వాత పక్క పడక దగ్గరికి వెళ్లి మళ్లీ అదే ప్రశ్న మొదలుపెట్టింది.

పక్క పడక లక్ష్మీనారాయణది. చూపు తగ్గేదాకా మగ్గం నేసిన మనిషి. ఇద్దరికీ షుగరే, ఇద్దరికీ మానని కాలి పుండే. ఐదు రోజుల్లో ఇద్దరూ చుట్టాలకన్నా దగ్గరయ్యారు.

"చూడు సావుకారీ, నీకు రెండు, నాకు అర," అని గొణిగాడు లక్ష్మీనారాయణ. "జబ్బు ఒకటే గదా. మగ్గం మనిషని తక్కువ చూపు."

"మీకు కిడ్నీలు బాగాలేవు తాతా. అందుకే డాక్టరు అర రాసినారు," అంది ఫర్హానా.

"దినామూ ఇదే పాట."

వెంకటరమణప్పకు ఆ అర మాత్రను చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

మరునాడు ఫర్హానా మాత్రలు తెచ్చే వేళకు లక్ష్మీనారాయణ స్నానాల గదిలో ఉన్నాడు.

"మాత్ర గిన్నె ఆ బల్ల మీద పెట్టి పో అమ్మా. వచ్చినాక మింగుతాడు. నేనుండా గదా చూసుకునేకి."

"మింగేది నేనే చూడాలి సార్." ఆమె గిన్నె వెనక్కి తీసుకుపోయింది. తిరిగొచ్చేసరికి అరగంటైంది. మాత్ర పడనిదే తినకూడదు కనుక లక్ష్మీనారాయణ ఇడ్లీలు చల్లారిపోయాయి.

వెంకటరమణప్పకు తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్లుగా మాట మీద బేరం చేసిన మనిషి ఆయన. "దినామూ వచ్చే గిరాకీని పేరడిగితే మళ్లా మెట్టెక్కుతాడా? ఈ పిల్లకు మనుషుల మీద నమ్మకం లేదు," అని నర్సింగ్ సూపరింటెండెంట్ వరూధినికి కాగితం రాసి పంపాడు. ఫర్హానాను ఇంకో వార్డుకు మార్చారు.

ఆమె బదులు చైత్ర వచ్చింది. మడివాళలో పీజీ హాస్టల్లో ఉండే పిల్ల, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు.

"మీ కంప్లైంటు సంగతి విన్నా అంకుల్. నేను పేరడిగితే ఒట్టు!" అని నవ్వి, రెండు బల్లల మీదా రెండు గిన్నెలు పెట్టి, ఇంకో పడకకు పరుగెత్తింది.

"ఇదప్పా వ్యవహారం అంటే," అన్నాడు వెంకటరమణప్ప.

మూడోరోజు పొద్దున లక్ష్మీనారాయణ ముఖం కడుక్కుని వచ్చి గిన్నె ఎత్తి చూసి మురిసిపోయాడు. "చూస్తివా సావుకారీ, కొత్త పిల్ల నన్ను తక్కువ చూడలేదు." గుటుక్కున మింగేశాడు.

పదకొండింటికి చెమటలు పోసి, చేతులు వణికి, దిండు మీదనే ఒరిగిపోయాడు. వెంకటరమణప్ప కేకకు చైత్ర పరుగున వచ్చి వేలు గుచ్చి చూసింది. షుగరు అడుగంటింది. ఐసీయూలో ప్రాణం నిలిపారు. మాట మాత్రం తిరిగి రాలేదు.

మరునాడు వరూధిని గదిలో విచారణ. వెంకటరమణప్పను చక్రాల కుర్చీలో తెచ్చారు. చైత్ర గోడకు ఆనుకుని నిలబడింది.

"లక్ష్మీనారాయణగారి షుగరు పడిపోయింది. అదే పూట ఈయనది ఎక్కింది. అంటే గిన్నెలు తారుమారు చేశావు," అంది వరూధిని.

"లేదు మేడమ్. అర మాత్ర ఆయన బల్ల మీద, రెండు మాత్రలు అంకుల్ బల్ల మీద. చూసే పెట్టినా."

"పేరడిగావా?"

"అడగలేదు మేడమ్."

"మింగేది చూశావా?"

చైత్ర కళ్లు తుడుచుకుని వెంకటరమణప్ప వైపు తిరిగింది. "మీ గిన్నెలో రెండు మాత్రలు ఉండె గదా అంకుల్? మీరు చెప్తే నమ్ముతారు. ఈ మచ్చ పడితే నన్ను ఏ ఆసుపత్రీ రానీదు."

తానులో జానెడు తేడా వచ్చినా పట్టేసే మనిషి వెంకటరమణప్ప. తలొంచుకున్నాడు.

"చూడలేదమ్మా. మింగేసినా."

మధ్యాహ్నానికల్లా చైత్రను ఉద్యోగంలోంచి తీసేశారు. సంచీ భుజాన వేసుకుని వార్డులోకి వచ్చింది. తిట్టినా బాగుండేది. "కాలు తడవనీకండి అంకుల్," అని చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రం ఫర్హానా మళ్లీ ఈ వార్డుకే వచ్చింది.

"మీ పూర్తి పేరు చెప్పండి సార్."

వెంకటరమణప్ప లేచి కూర్చున్నాడు. పేరు చెప్పాడు. తండ్రి పేరూ చెప్పాడు. అడక్కుండానే చేతి పట్టీ చూపించాడు. మాత్రలు మింగి, బడిపిల్లవాడిలా నోరు తెరిచి చూపించాడు.

"ఇంత బాధ పెట్టుకోకండి సార్. కంప్లైంటు రాసినందుకు నాకేం కోపం లేదు."

"ఆ కాగితం నేను రాయకుంటే నువ్వు ఈడనే ఉందువు పాపా. ఇంత జరుగునా?"

"తప్పు చైత్రది సార్. మీరేం చేసినారు?"

ఆయన పక్క పడక వైపు చూశాడు. కొత్త దుప్పటి పరిచి ఉంది. అమ్మిన చీర నచ్చలేదంటే ఆయన వెనక్కి తీసుకునేవాడు. మింగిన మాత్రను ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

"ఏమీ లేదు పాపా," అన్నాడు.

ఆ పొద్దున లక్ష్మీనారాయణ గిన్నెలో తన మాత్ర ఒకటి కొసరు వేసింది వెంకటరమణప్పే.