యంత్రం తరఫున

"ఆ యంత్రం చేసింది తప్పు కాదు," అంది నర్మద.

పరశురాం ఇరానీ చాయ్ కప్పు కింద పెట్టాడు. పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న సైన్స్ ఫిక్షన్ కథల సంపుటి ఇద్దరి మధ్యా ఉంది. నాలుగు నెలలుగా అతని చూపు మసకబారుతోంది. అక్క నర్మదే చదివి వినిపిస్తోంది. ఇప్పుడే చదివిన కథలో వ్యోమనౌకకు ఇక భూమికి తిరిగి వచ్చే దారి లేదు. ఆ సంగతిని నౌక నడిపే యంత్రం లోపలి మనిషికి చెప్పకుండా దాస్తుంది.

"ఏందక్కా, రోజూ యంత్రాలను తిడుతుంటివి. ఇయ్యాల గా డబ్బాకు వకీలువైనవా?"

"చెప్తే ఏం ఫాయిదా? ఉన్నన్ని రోజులు ఏడ్చెటోడు."

"ఏడ్చెటోడో, కిటికీలకెల్లి చుక్కలు చూసుకునెటోడో. నీకేం తెలుసు?"

నర్మద పుస్తకం మూసేసింది. ఆమె వాదిస్తున్నట్టు లేదు, క్షమించమని అడుగుతున్నట్టుంది.

పొద్దున నాంపల్లి కంటి దవాఖానలో డాక్టర్ అతన్ని బయట కూర్చోబెట్టి అక్కతో పావుగంట మాట్లాడాడు. "మందు మార్చిన్రు, గంతే," అంటూ వచ్చిందామె.

"అక్కా, డాక్టర్ ఎన్ని రోజులన్నడు?"

నర్మద చాయ్ మీద కట్టిన మీగడను చెంచాతో పక్కకు తీసింది.

"అక్షరాలు దసరా దాకనే కనిపిస్తయన్నడు."

పరశురాం పుస్తకం తనవైపు లాక్కున్నాడు.

"అయితే ఇగ నేనే చదువుత. నువ్వు విను."

పేజీని ముక్కుకు ఆనించుకుని తర్వాతి కథ మొదలుపెట్టాడు. రెండో వాక్యంలోనే ఒక మాట అర్థమే మారిపోయేలా తప్పు చదివాడు.

"తప్పు," అంది నర్మద, కళ్ళు తుడుచుకుంటూ. "మళ్ళ చదువు."