కెమెరా ఆపుకోవచ్చా?

“పాఠం అప్పటికప్పుడు చెబుతారా, ఎప్పుడో చెప్పింది రికార్డు చేసి చూపిస్తారా?”

ఆ ప్రశ్నకి అడ్మిషన్ల అమ్మాయి కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. ఆన్‌లైన్ కాలేజీలో చేరదామని వచ్చేవాళ్ళు ముందు ఉద్యోగం సంగతి అడుగుతారు. ఆ తర్వాత, పరీక్ష ఇంట్లోనే రాసుకోవచ్చా అంటారు. అకౌంట్స్‌లో చేరతానని వచ్చి ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఆ రెండూ అడగలేదు. ఆవిడ బట్టలు కుడుతుందట. మిషన్ ముందు నుంచి నేరుగా లేచి వచ్చినట్టుంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

“కొన్ని రికార్డు చేసినవే ఆంటీ. అకౌంట్స్ మాత్రం లైవ్. వారం వారం మేడమ్ వచ్చి చెబుతారు.”

“ప్రతి వారం ఆవిడేనా? మధ్యలో మార్చేయరు కదా?”

“ఈ ఏడాదంతా ఆవిడే.”

పెద్దావిడ కాస్త స్థిమితపడి కుర్చీలో వెనక్కి వాలింది.

“ఇదంతా ఫోన్లో అడిగినా చెప్పేదాన్నిగా. ఇంత దూరం శ్రమపడ్డారు.”

“ఫోన్లో ఎవరైనా ఎన్నయినా చెబుతారమ్మా. కాలేజీ అనేది ఒకటుందో లేదో కళ్ళతో చూసుకోవాలిగా. మీకు గుర్తింపు ఉందో లేదో యూనివర్సిటీ వాళ్ళనే అడిగి కనుక్కున్నాలే. సరే, ఇది చెప్పు. మీ దగ్గర పాఠాలు చెప్పేవాళ్ళు నిలుస్తారా? జీతాలు వేళకి ఇస్తారా?”

అమ్మాయికి నవ్వొచ్చింది. “అది కూడా కావాలా?”

“కావాలి మరి. జీతం సరిగ్గా అందని మనిషి మనసు పెట్టి ఏం చెబుతుంది?”

ఈవిడకి ఇదివరకు ఎవరో గట్టిగా టోపీ పెట్టి ఉంటారనుకుంది అమ్మాయి. జాలేసింది. తొందరపెట్టి చేర్పించేస్తే తన పేరు మీద ఒక అడ్మిషన్ పడుతుంది, మేనేజరు మెచ్చుకుంటాడు. కానీ ఈ మనిషి దగ్గర అలాంటి పని చేయబుద్ధి కాలేదు.

“ఆంటీ, నా మాట వినండి. మా దగ్గర ఫ్యాషన్ డిజైనింగ్ ఉంది. చేతిలో పని ఎలాగూ ఉంది, దానికి పట్టా తోడైతే మీకే మంచిది.”

“వచ్చిన పని మళ్ళీ నేర్చుకోవడం దేనికి?”

“పోనీ, లెక్కలు బాగా వచ్చా?”

“కొలతలు వచ్చు. అంతకు మించితే నా బుర్రకెక్కవు.”

“మీకు అబద్ధం చెప్పలేను. అకౌంట్స్‌లో చేరినవాళ్ళలో సగం మంది మధ్యలోనే మానేస్తున్నారు.”

“నేను మానను,” అంది ఆవిడ, ఇక వాదన లేదన్నట్టు.

ఆ సమయానికి అకౌంట్స్ క్లాసు మొదలవబోతోంది. చూశాక ఆవిడే మనసు మార్చుకుంటుందని అమ్మాయి పక్క కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు చేతికిచ్చింది.

ఆవిడ వాటిని వెంటనే పెట్టుకోలేదు. “నా ముఖం వాళ్ళకి కనపడుతుందా?”

“కనపడుతుంది. సిగ్గయితే కెమెరా ఆపుకోవచ్చు.”

“ఆపెయ్యి. నా గొంతు కూడా వెళ్ళకూడదు. పేరు?”

“డెమోకి ఏ పేరైనా పర్లేదు. చేరాక రోల్ నంబరే కనపడుతుంది.”

“అయితే కుట్టుమిషన్ అని పెట్టు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తెర మీద లెక్చరర్ ప్రత్యక్షమైంది. కళ్ళజోడు, చిక్కిన ముఖం, జలుబు చేసిన గొంతు. వచ్చింది ఒక పక్క, పోయింది ఒక పక్క రాయాలని గీతలు గీసి చూపిస్తోంది. పెద్దావిడ ఆ గీతలవైపు కన్నెత్తి చూడలేదు. సూదిలో దారం ఎక్కించేటప్పటిలా ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి లెక్చరర్‌నే చూస్తోంది.

పాఠం మధ్యలో లెక్చరర్‌కి దగ్గు తెర వచ్చింది.

“అమ్మాయ్, నాకు టైపు చేయడం రాదు. వేడినీళ్ళు తాగమని కాస్త రాయవూ?”

అమ్మాయి రాసింది. లెక్చరర్ అది చదివి చిన్నగా నవ్వింది.

“కుట్టుమిషన్ గారు వేడినీళ్ళు తాగమంటున్నారు. తాగుతానండీ, థాంక్స్. కొత్తగా వచ్చినట్టున్నారు. అర్థం కాకపోతే ఎన్నిసార్లయినా అడగండి. నేను విసుక్కోను.”

“విసుక్కోదట,” అని గొణిగింది ఆవిడ. కళ్ళు తుడుచుకుంది.

ఇన్నేళ్ళ తర్వాత పుస్తకం పట్టాలంటే ఎవరికైనా బెరుకే కదా అనుకుని, అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. ఆవిడ ముట్టుకోలేదు.

క్లాసు అయిపోయింది. తెర నల్లబడినా ఆవిడ హెడ్‌ఫోన్లు తీయలేదు. అమ్మాయే మెల్లగా తీసింది.

“పాఠం అర్థమైందా ఆంటీ?”

“ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నన్ను చేర్చుకో తల్లీ.”

“అర్థం కాకుండా ఎలా చేరతారండీ? సాయంత్రం బ్యాచ్‌కి ఇంకో సార్ ఉన్నారు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతారు. ఆయన దగ్గర వేస్తాను.”

“వద్దు. ఆవిడ దగ్గరే వెయ్యి.”

“ఈ మేడమ్‌లో మీకు అంతగా ఏం నచ్చిందండీ?”

ఆవిడ నల్లటి తెరని అరచేత్తో ఒకసారి నిమిరింది.

“నాతో మాట మానేసిన నా కూతురమ్మా అది.”