కళ్లకు పెళ్లి ముసుగు

పెళ్లయి మూడు వారాలు. యాప్రాల్‌లో మా ఇంటి చుట్టూ ఇంకా ఖాళీ ప్లాట్లే. ఎంత గట్టిగా పాటలు పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరని నాకు ఒకటే సంబరం.

ఆ రాత్రి జ్ఞానశేఖర్ నా పెళ్లి ముసుగుతోనే నా కళ్లకు గంతలు కట్టి, మా పెళ్లిలో చర్చి క్వయర్ పాడిన పాట పెట్టాడు. ప్రతిసారీ మోగేది సీడీయో, ఎంపీత్రీయో నేను విని చెప్పాలి. ఓడితే ఆదివారం చేపల పులుసు నేనే వండాలి.

“సీడీ!” అన్నాను. తర్వాత “ఎంపీత్రీ!” మళ్లీ “సీడీ!”

“ఎట్ల చెప్తున్నవే?”

“సీడీలో నా వెనక ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు. ఎంపీత్రీలో అది లేదు.”

అతని నవ్వు ఆగిపోయింది.

“సీడీ నేను పెట్టనే లేదు మేబెల్. మూడుసార్లూ ఎంపీత్రీనే.”

పాట ఆపేశాడు. కూనిరాగం ఆగలేదు. నా చెయ్యి ముడి మీదికి వెళ్లింది.

“విప్పకు. నా గొంతు వింటూ ఇటు నడిచి రా.”