నలభై మూడో కాగితం

పిల్లలు నలభై ఇద్దరు. కాగితాలు నలభై మూడు.

రత్నమాల మళ్లీ లెక్కపెట్టింది. నలభై మూడే!

ఆమె కెరీర్ కౌన్సెలర్. సిరిసిల్లలోని ఆ కాలేజీలో మూడు రోజుల శిబిరం నడపడానికి రోజూ జగిత్యాల నుంచి బస్సులో వచ్చి పోతోంది. ఎవరి మనసు ఏ పని మీద ఉందో తేల్చే ప్రశ్నల కాగితం పిల్లలతో నిన్ననే నింపించి, కట్ట ఇక్కడే టేబుల్ మీద పెట్టి వెళ్లింది.

ఎక్కువొచ్చిన కాగితం మీద పేరు లేదు. వయసు లేదు. పైగా అది నిలువునా చిరిగిన కాగితం. రెండు ముక్కల్నీ ఎవరో తెల్లదారంతో కుట్టారు. ఎంత సన్నటి కుట్టంటే, వేలితో తడిమితే తప్ప తెలియదు.

"సాంచాల ఊరు కద మేడం, ఏ ఇంట్ల చూసినా మరమగ్గాలే! మా పిల్లలకు దారం పని పుట్టుకతోనే వస్తది" అని నవ్వాడు లెక్చరర్ ధనుంజయ్.

జవాబులు చదువుతూ రత్నమాల కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇంకొకరికి నేర్పడం, విడమరిచి చెప్పడం, ఓపిక పట్టడం... అన్నిట్లోనూ పూర్తి పాయింట్లే.

'నీకు బాగా సంతోషం కలిగిన రోజేది?' అన్న ఆఖరి ప్రశ్న కింద, 'ఇంట్ల ఒకరికి సంతకం నేర్పిన దినం' అని రాసి ఉంది.

"వాళ్లమ్మకో నానమ్మకో నేర్పిందేమో సార్. పదేండ్లల్ల ఇసొంటి కాగితం చూడలే. ఈ పిల్ల టీచర్ కాకపోతే అన్యాయం! ఇంట్లోళ్లు ఏదో ఒక కోర్సుల పడేయకముందే దొరకవట్టాలె."

క్లాసులో అడిగింది. "ఎవరిది? సిగ్గువడకుండ్రి, చెప్పుండ్రి."

ఒక్కరూ లేవలేదు.

పాఠం మొదలుపెట్టింది. బోర్డు మీద పొడుగ్గా ఒక గీత గీసింది.

"పద్నాలుగు నుంచి ఇరవై నాలుగు దాకా పని ఎతుక్కునే వయసు. తర్వాత కుదురుకునే వయసు. నలభై ఐదు దాటితే ఉన్న పని కాపాడుకునే వయసు. పెద్ద పెద్దోళ్లు తేల్చిన సిద్ధాంతం ఇది."

"గా ఉన్న పనే పోతే మేడం?"

అడిగింది నీళ్ల క్యాన్లు తెచ్చే మనిషి. యాభై ఐదేళ్లుంటాయి. భుజం మీది క్యాను గుమ్మంలో దించి ఆయాసపడుతున్నాడు.

పిల్లలు గొల్లుమన్నారు. రత్నమాలకు చిరాకేసింది.

"కాకా, క్లాసు నడుస్తున్నది. నీళ్లు పెట్టి పో."

సాయంత్రం మెట్ల దగ్గర మళ్లీ ఆయనే.

"మేడం, రిజల్టు ఎప్పుడత్తది?"

"నీ పిల్లలున్నరా ఈ క్లాసుల?"

"లేరు మేడం."

"మరి నీకెందుకు కాకా? రాసినోళ్లకు చెప్తం రేపు."

ఆయన ఏదో అనబోయాడు. దగ్గు అడ్డొచ్చింది. దగ్గు ఆగేసరికి రత్నమాల బస్టాండుకు ఆటో ఎక్కేసింది.

ఆఖరి రోజు పిల్లల్ని ఒక్కొక్కరినే పేరు పెట్టి లోపలికి పిలిచి ఫలితం చెప్పింది. నీళ్లాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, బయట బెంచీ మీద పిల్లల పక్కన పొద్దంతా కూర్చున్నాడు. ఈయనకు వేరే పనేం లేదా అనుకుంది రత్నమాల. నలభై రెండో పేరు పిలిచి బయటికి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

నలభై మూడో కాగితం ఆమె సంచీలోనే ఉండిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ అదే కాలేజీలో శిబిరం. ఈసారైనా ఆ పిల్ల దొరకకపోతుందా అనుకుంటూ వచ్చింది.

నీళ్ల క్యాను ఒకామె తెచ్చి దించింది. టేబుల్ మీది హాజరు కాగితం చూసి ఆగింది.

"సారూ, నేను గూడ సంతకం పెడుదునా?"

ధనుంజయ్ నవ్వి పెన్నిచ్చాడు. ఆమె నాలుక పంటికింద పట్టి, ఒక్కో అక్షరం నిలబెట్టి రాసింది. రాజలక్ష్మి.

"మంచిగున్నదక్కా! ఎవరు నేర్పిన్రు?" అంది రత్నమాల మాటవరసకు.

"మా ఆయన మేడం. సాంచాల మీద పాత పోగుకు కొత్త పోగు అతికే పని చేసేటోడు. సాంచాలు బందైనంక ఈడికి నీళ్లు మోసిండు. ఉగాది ముంగట దమ్ముతోని ఊపిరాడక పోయిండు."

రత్నమాల చెయ్యి తనంతట తానే సంచీలోకి పోయింది.

కాగితం చూడగానే రాజలక్ష్మి గుర్తుపట్టింది. కుట్టు వెంట పైనుంచి కిందికి వేలు నడిపింది.

"గిది మా ఆయన అతికిందే! ఎవలో చింపి పారేత్తే ఏరుకచ్చి, ఇంట్ల కూసుండి రాసి, మీ కట్టల వెట్టిండు."

రత్నమాల బయటి బెంచీకేసి చూసింది. అయ్యో, ఎవరికోసం వెతికింది, ఎవరిని పొమ్మంది!

రాజలక్ష్మి కాగితం వదల్లేదు. కళ్లెత్తి, ఆశగా అడిగింది.

"పాణం పోయేదాక గదే అడిగిండు... మా ఆయన పాసైండా మేడం?"