నిబారణ్ పథ్యం

“నోరు తెరవండి!”

బీణాపాణి వీధిగుమ్మంలోనే భర్తను నిలేసింది. నిబారణ్ బుద్ధిగా నోరు తెరిచాడు. ఆవనూనె వాసన గుప్పుమంది.

“వంకాయ బజ్జీలు! ఎన్ని తిన్నారు?”

“ఒక్కటే. అందులోనూ సగం కాకి తన్నుకుపోయింది.”

“కాకికి గుండెజబ్బు లేదు. మీకుంది!”

వానాకాలం మొదట్లో శాంతిపూర్‌లో గుండె పరీక్షల శిబిరం పెడితే భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. ఫలితాలు కనుక్కోవడానికి మాత్రం నిబారణ్ ఒక్కడే వెళ్లాడు. ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

“బీణా, నా గుండె మొరాయిస్తోందట. ఇక ఉప్పు లేదు, నూనె లేదు, వేపుడు లేదు.”

ఆ రోజు నుంచి బీణాపాణికి కంటి మీద కునుకు లేదు. రాత్రి మెలకువ వస్తే చాలు, ఊపిరి ఆడుతోందో లేదోనని ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఒకసారి చీకట్లో వేలు ముక్కులోకే పోయింది. ఆయన ఇల్లదిరేలా తుమ్మాడు. ఆమె ఆనందంతో చేతులు జోడించి కాళీమాతకు దణ్ణం పెట్టుకుంది.

పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో చేప తలకాయ ఆయనది. ఆయన తిని లేచాక, మూకుడు అడుగున మిగిలిన నూనెలో అన్నం కలుపుకుని, పచ్చి ఉప్పు నంజుకుంటూ తినడం ఆమె వంతు. ఇప్పుడు మూకుడు అటకెక్కింది. పొయ్యి మీద ఉడికించిన బొప్పాయి, సొరకాయ, చప్పిడి చేపల పులుసు.

“నీకోసమైనా కాస్త వేపుడు చేసుకోరాదూ వదినా?” అంది పక్కింటి మాలతి.

“నా ఒక్కదాని కోసం మళ్లీ పొయ్యి వెలిగించనా? ఏం సోకు! ఆయనకు ఏది వండితే నాకూ అదే.”

మాత్రల దగ్గర ఇంకో తంటా. “ఒక్కణ్ణే మింగను. నువ్వూ మింగు” అని నిబారణ్ చంటిపిల్లాడిలా మూతి ముడిచేవాడు. ఆమె కోసం తెచ్చిన బలం మాత్ర ఆమె గుటుక్కున మింగితే గానీ ఆయన తనది నోట్లో వేసుకునేవాడు కాదు.

ఇంత చేసినా బజ్జీలే! బీణాపాణి భర్త చెయ్యి పట్టుకుని రిక్షా ఎక్కించింది.

“పదండి డాక్టరు దగ్గరికి! నా శంఖు గాజులు పగలగొట్టించాలని చూస్తున్నారా?”

ఆయన పకపకా నవ్వాడు.

“నవ్వండి, నవ్వండి. నేనే ముందు పోతాను, నుదుట సిందూరంతో. అప్పుడు మీ ముక్కు దగ్గర వేలు పెట్టేదెవరో చూస్తాను!”

నిబారణ్ నవ్వు టక్కున ఆగిపోయింది. “ఆ మాట అనకు బీణా” అని రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

శిబిరంలో పరీక్షలు చేసిన డాక్టరు అరిందమ్ ఫిర్యాదంతా విన్నాడు. పనిలో పనిగా ఇద్దరినీ పరీక్షించాడు. నిబారణ్‌కు గట్టిగా చివాట్లు పెట్టాడు. బీణాపాణి మనసు చల్లబడింది. “అలా గడ్డి పెట్టండి బాబూ!” అని దీవించి, రిక్షా పిలవడానికి బయటికి నడిచింది.

ఆమె గుమ్మం దాటగానే డాక్టరు గొంతు తగ్గించి, “మీ ఆవిడ గుండె బాగా కుదుటపడుతోంది దాదా, రోగి వేషం ఇంకొన్నాళ్లు మీరే వెయ్యండి” అన్నాడు.