టీవీ ముందు మనిషి

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. వత్తులు తప్పితే మన్నించండి. మెల్లగా రాశాను, మీరూ మెల్లగానే చదవండి.

"చూస్తున్నారా?" అని టీవీ తెర మీద అక్షరాలు పడ్డాయి.

నీలిమ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి రిమోట్ నొక్కింది. టీవీ కదల్లేదు. మెమరీ నిండిపోయి మొద్దుబారింది. నాలుగైదుసార్లు నొక్కితేగాని బొమ్మ రాలేదు.

జవాబివ్వకపోతే టీవీ ఆగిపోతుంది. ఆగితే స్టీలు ప్లాంటులో ఉన్న మొగుడు గుణశేఖర్ ఫోన్‌లో తెలిసిపోతుంది.

"టీవీ ఆడతంటే నువ్వు ఇంట్లో ఉన్నట్టే" అంటాడు.

ఒకసారి ఆగింది. డ్యూటీ మధ్యలో వచ్చి, ఆమె చెప్పులు బీరువాలో పెట్టి తాళం వేసుకుపోయాడు.

ఆ వారంలోనే పక్కవాటాలో కొత్తగా దిగిన ముసలావిడ దీవెనమ్మ రావడం మొదలెట్టింది. చెప్పులు కాళ్లకి కాదు, చేతిలో.

"అరిగిపోతాయా, మామ్మా?"

"కొత్తవి మరి!" వాటిని గుమ్మం పక్కన పెట్టి, టీవీ ముందు చతికిలపడింది. "నాను నడవలేనే. గాజువాక మార్కెట్‌కెళ్లి సేపలట్టుకురా. నా సెప్పులేసుకో."

"టీవీ..."

"నాను సూత్తాను గదే! అదడిగితే నొక్కుతాను. తొందరేటి? నాలుగు బుట్టలు సూసి, బేరమాడి మరీ తే."

రోజూ ఇదే వరస. ఇంట్లో ఒకరి కాపలా, బయట ఇంకొకరి చాకిరీ అని గొణుక్కుంటూనే నీలిమ వెళ్లేది. వచ్చేటప్పుడు మాత్రం బస్టాపులో కాసేపు కూర్చుని ఊపిరి పీల్చుకునేది.

ఒకరోజు విసుక్కుంది. "మీ ఇంట్లో టీవీ లేదా, మామ్మా?"

"నీదే బావుందే" అని నవ్వింది దీవెనమ్మ.

ఒకనాడు తెల్లారాక దీవెనమ్మ లేవలేదు.

సమాధి అయ్యాక, తన గుమ్మం పక్కన మిగిలిపోయిన చెప్పులు పట్టుకుని నీలిమ పక్కవాటాకెళ్లింది. కూతురు కేథరిన్ వాటిని తిప్పి చూసింది.

"ఇవి మాయమ్మవి కావండీ. ఆవిడ పాదానికి పట్టవు."

"టీవీ చూడ్డానికి రోజూ ఇవే తెచ్చేవారు."

"టీవీయా? అదంటేనే గిట్టదండీ మాయమ్మకి."

"మరి చేపలు?"

"ముట్టదు. మెట్ల కింద పిల్లులకి ఏసేసీది."

గోడవతల టీవీ చప్పుడు ఆగిపోయింది. నీలిమ చేతిలో ఫోన్ మోగింది. గుణశేఖర్ పేరు పడింది.

కేథరిన్ ఆ ఫోన్ వైపు చూసింది. వంగి, చెప్పులు రెండూ నీలిమ కాళ్ల ముందు పెట్టింది.

"ఏసుకోండి. మా నాన్న బతికున్నన్నాళ్లూ బయట తాళమేసి డ్యూటీకెళ్లేవోరు... మాయమ్మకి సెప్పులే కొననీలేదు."

రాసినది దేముడమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది ఆనందపురం.