నాలుగు వేళ్ల మేర

"ఏంది గండయ్యా, గీత దాటినవ్?"

పద్మలత టీచర్ గొంతులో విసుగు.

అది 2007. మేడ్చల్ దగ్గర ఒక సర్కారు బడి. కొత్తగా సున్నం వేసిన గోడ మీద ఆమె పొద్దున్నే రంగు సుద్దముక్కతో ప్రపంచపటం గీసింది.

మామూలు పటం కాదు. ఏ దేశంలో ఎంతమంది పసిపిల్లలు చనిపోతారో ఆ దేశం అంత పెద్దగా ఉంటుంది. అమెరికా దారపు పోగులా సన్నబడింది. ఆఫ్రికా, మన దేశం ఉబ్బిపోయాయి. ఇంటర్నెట్ సెంటర్‌లో తీయించిన కాగితం చూసి గీసిందామె.

సున్నం పనికొచ్చిన గండయ్యకు సంగతంతా వివరించి, రంగు నింపమని చెప్పి క్లాసుకు వెళ్లింది.

తిరిగొచ్చేసరికి మన దేశం గీతకు అవతల నాలుగు వేళ్ల మేర ఎర్రరంగు!

"సాలలే టీచరమ్మా. గింతమందేనా సచ్చిపోయింది?"

"పెద్ద సదువులోళ్లు లెక్కగట్టిండ్రు. నీకేం ఎరుక?"

"ఆళ్ల లెక్కల పేరు పెట్టని పిల్లలున్నరా?"



ఎనిమిదేళ్ల క్రితం పద్మలత బిడ్డ మూడు రోజులే బతికింది. పేరు పెట్టలేదు. ఎక్కడా రాయించనూ లేదు.

కళ్లలో నీళ్లు తిరగబోయి, కోపం వచ్చింది.

"రేపు ఆఫీసర్లు వస్తరు. కాగితంల ఎట్లుంటే అట్లనే ఉండాలె. సున్నం కొట్టు."

గండయ్య గీత దాటిన రంగు మీద సున్నం కొట్టాడు. ఒక్క పూతకు ఎరుపు పోలేదు. మళ్లీ పూశాడు. ఆమె తెప్పించిన చాయ్ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు అధికారులు పటాన్ని తెగ మెచ్చుకున్నారు.

వానలు మొదలయ్యాక, గండయ్య జ్వరంతో పోయాడని అటెండర్ సిద్దయ్య చెప్పాడు.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ భర్త పరమేష్‌తో అందామె.

"మా బడికి సున్నమేసిన గండయ్య సచ్చిపోయిండంట. పాపం, రంగు కాడ ఊకెనే గరమైన ఆయన మీద."

పరమేష్ చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

"ఏ గండయ్య? బొందలగడ్డల పసిపిల్లలకు గుంతలు తవ్వుతుండె, ఆయనేనా?"

"అది నాకెర్క లేదు. నీకెట్ల తెలుసు?"

అతను పళ్లెం పక్కకు జరిపాడు.

"ఆ దినం నాతోని కాలే పద్మా. బొందలగడ్డ గేటు కాడనే కూలవడ్డ. మన బిడ్డను నా చేతులకెల్లి తీస్కొని, నీళ్లు పోసి, తన తువ్వాలల చుట్టి, మట్టిల పండవెట్టింది గండయ్యనే."